ఆటోనగర్ దాపున ఒక ఇల్లు, దాని వెనక కాగితాలు

కొన్నేళ్ళ క్రితం విశాఖపట్నంలో, ఆటోనగర్‌కు కూతవేటు దూరంలో, ఒక పాత డాబా ఇల్లు బేరానికి వచ్చింది. మా నాన్నగారు దాన్ని చూడగానే ఇష్టపడ్డారు. పెరట్లో మామిడిచెట్టు, అందుబాటులో ఉన్న వెల, మచ్చలేని పదమూడేళ్ళ ఈసీ. అమ్మకందారు చూపిన రెండు దస్తావేజులూ, 1991 నాటిదీ 2004 నాటిదీ, రిజిస్టరైనవే. మర్నాడు బయానా ఇవ్వవలసి ఉండగా, ఎందుకైనా మంచిదని ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గరకు వాటిని పట్టుకెళ్ళాము. ఆయన రెండూ చదివి, "1991లో అమ్మినాయనకు ఈ స్థలం ఎక్కణ్ణుంచి వచ్చింది బాబూ?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్న వెనక ఉన్న చరిత్రే ఈ టపా.

రిజిస్ట్రేషన్ అయితే ఇల్లు మనదైపోయినట్టేనని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువచేసే స్థిరాస్తి విక్రయానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలి. ఫలానావారు ఫలానా తేదీన అమ్మారనడానికి అది సాక్ష్యం. అమ్మినది వారి సొత్తేనా అన్నది మాత్రం సబ్ రిజిస్ట్రారు తేల్చరు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో టారెన్స్ తెచ్చిన పద్ధతి వేరు; అక్కడ ప్రభుత్వం హక్కునే నమోదుచేసి పూచీపడుతుంది. అటువంటి ఉద్దేశంతోనే మన రాష్ట్రంలో 2023 అక్టోబరులో భూ హక్కుల చట్టం అమలులోకి వచ్చింది, పెద్ద వివాదమై 2024లో రద్దయింది. కనుక మనకు మళ్ళీ పాత దారే: లింకు దస్తావేజులు పట్టుకుని వెనక్కి నడవడం.

విశాఖ ప్రాంతంలో ఆ నడక ఎంతదూరం పోతుందంటే, ఒక్కొక్కప్పుడు 1802 దాకా. ఆ ఏడు వచ్చిన శాశ్వత పరిష్కారంతో ఉత్తర సర్కారుల్లో జమీందారీలు చట్టబద్ధమైనవి. విజయనగరం వంటి సంస్థానాల కింద చాలా గ్రామాలుండేవి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక ప్రభుత్వం ఆ గ్రామాలను కొలిచి, ఏ సర్వే నంబరు ఎవరిదో, ఏ తరగతిదో రాయించింది. దాన్నే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంటారు. జిరాయితీ అని ఉంటే గుండె కుదుటపడుతుంది. పోరంబోకు అనో, గయాలు అనో ఉంటే అక్కడే ఆగి ఆలోచించాలి.

ఆ తరువాత ఉక్కు వచ్చింది. 1966 ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వేసిన పునాదిరాయి అందరికీ తెలిసినవే. భూములు పోయిన ఊళ్ళ సంగతి మాత్రం అంతగా తలవము. నిర్వాసితులకు ఆర్-కార్డులు, వడ్లపూడి, అగనంపూడి వంటి చోట్ల ఇళ్ళస్థలాలు ఇచ్చారు. అలా వచ్చిన స్థలం చేతులు మారినప్పుడు మొదటి కేటాయింపు కాగితం, దానిలోని షరతులు చూడవలసిందే. ఇక ఆటోనగర్‌ది మరో జాతకం. అది ఏపీఐఐసీ వేసిన పారిశ్రామికవాడ. ఆ ప్లాట్లు పరిశ్రమ కోసం కేటాయించినవి, ఇల్లు కట్టుకోవడానికి కాదు. నాలుగడుగులు అటూ ఇటూ అయితే నేల చరిత్రే మారిపోతుంది.

మేము చూసిన ఇంటి సంగతికి వస్తే, ప్లీడరు గారు రెవెన్యూ రికార్డు తీయించారు. అది డి-పట్టా భూమి. భూమిలేని ఒక కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చినది. అటువంటి భూమిని కొన్నా చెల్లదని 1977 చట్టం చెప్పింది, రిజిస్టరు చేయరాదనీ చెప్పింది. తరువాతి సవరణలు కొంత సడలించినా ఆ సడలింపుకూ షరతులున్నాయి. మరి రెండుసార్లు రిజిస్ట్రేషన్ ఎలా జరిగింది? ఏ సర్వే నంబరు నిషిద్ధమో ఆ బల్ల మీద జాబితా లేకపోతే గుమాస్తాకు ఎలా తెలుస్తుంది? ఆ లోటు తీర్చడానికే 22-ఏ సెక్షను 2007లో కొత్త రూపంలో వచ్చింది. ఈ రోజు కొనేవారు ముందుగా చూడవలసిన జాబితా అదే.

ఈసీ మీద నమ్మకం కూడా ఆనాడే కొంత సడలింది. రిజిస్టరైనవే దానిలో కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామా కనిపించదు, నోటిమాట పంపకం కనిపించదు. అసలు దస్తావేజులు ఎవరి దగ్గరైనా కుదువ పెట్టి ఉంటే అదీ కనిపించకపోవచ్చు. అందుకే జిరాక్సులు చాలవు, అసళ్ళు చూపించమనాలి. పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలు అడగాలి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకూ, 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ సమాన వాటా వచ్చింది. "చెల్లెళ్ళకు పసుపుకుంకుమలు ఇచ్చేశాం" అన్న మాట కోర్టులో నిలవదు. జీపీఏ మీద కొన్నంత మాత్రాన యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక వకీలు. ఇంగ్లండులో ఇళ్ళ బదిలీకి ప్రత్యేకమైన సొలిసిటర్లుంటారు. మనకు ఆ విభాగం లేదు. దస్తావేజు లేఖరి చక్కగా రాస్తారు, హక్కు పరిశీలించడం ఆయన పని కాదు. బ్యాంకు ప్యానెల్ లాయరు అభిప్రాయం బ్యాంకు కోసం రాసినది. అమ్మకందారో బ్రోకరో చూపించిన వకీలు ఎవరి మనిషో వేరే చెప్పాలా? సివిలు దావాలు నడిపి, స్థానిక గ్రామాల రికార్డు తెలిసి, ఫీజు మన చేతి నుంచే తీసుకుని, అభిప్రాయం కాగితం మీద రాసి సంతకం చేసేవారు కావాలి. మా ప్లీడరు గారి ఫీజు ఆనాడు నాకు ఎక్కువనిపించింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మేము బయానా ఇవ్వలేదు. అమ్మకందారుకు కోపం వచ్చింది. పాపం, ఆయనా 2004లో ఎవరినీ అడగకుండా కొన్నవారే. ఆరు నెలలకు ఆ ఇల్లు ఇంకెవరో కొన్నారని విన్నాము. నాన్నగారు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మామిడిచెట్టు కాపు చూసి వచ్చి మాకు చెబుతుంటారు.