సింహద్వారము, ప్రక్కవాకిలి, దొడ్డిదారి

సియోల్ నగరమున సంగ్యూన్‌క్వాన్ విశ్వవిద్యాలయపు వాకిట నడుగిడినవారికి మొదట గోచరించునది నూతన విద్యామందిరము కాదు. చోసన్ వంశపు తొలి రాజు కాలమున, 1398లో నెలకొల్పబడిన ప్రాచీన విద్యాపీఠమును, దాని ప్రాంగణమున బరువెక్కిన కొమ్మలతో కఱ్ఱల యూతపై నిలిచిన గింకో వృక్షములును. ఏ పీఠమున స్థానము సంపాదించుటకై పూర్వకాలపు యువకులు రేయింబవళ్లు గ్రంథములు వల్లెవేసిరో, ఆ పేరుగల విశ్వవిద్యాలయముననే 2006లో మున్ గున్-యంగ్ అను యువనటి ప్రత్యేక ప్రవేశపద్ధతిని చేరగా, ఆమెను జాతికెల్ల చెల్లెలని ముద్దుగా పిలుచుకొనిన ప్రజలలోనే, ఇది న్యాయమా యను ప్రశ్న పుట్టినది. తార క్రొత్తదే గాని ప్రశ్న క్రొత్తది కాదు. దాని వయస్సు వేయేండ్లు.

958లో కొర్యో రాజగు గ్వాంగ్‌జొంగ్, చీనాదేశమునుండి వచ్చిన షువాంగ్ జీ యను నుద్యోగి సలహాను పాటించి, 'గ్వాగో' అను రాజోద్యోగ పరీక్షలను ప్రవేశపెట్టెను. విద్యాభిమానము మాత్రమే దీనికి కారణమని తలంపరాదు. పదవులను తమ వంశపు సొత్తుగా భావించుచుండిన పెద్ద కుటుంబముల బలమును తగ్గించి, తన వలన పైకి వచ్చి తనకే విధేయులై యుండు నుద్యోగులను సమకూర్చుకొనుట యా రాజు తలంపు. ఆ కుటుంబములును ఊరకుండలేదు. సింహద్వారమున పరీక్షకుడు కూర్చున్నంత మాత్రమున దొడ్డిదారి మూతపడునా? ఐదవ శ్రేణికిని దానికి పై శ్రేణులకును చెందిన యధికారుల కుమారులు పరీక్ష లేకయే పదవులందు చేరుటకు 'ఉమ్సో' అను సంప్రదాయము కొర్యో కాలమున సాగెను. తరువాత చోసన్ రాజులు దానిని పై రెండు శ్రేణులకు కుదించిరే గాని తొలగింపలేదు.

ఈ రెండు దారుల నడుమ మూడవది యొకటి కలదు. మూడేండ్లకొకసారి జరుగు ప్రధాన సాహిత్యపరీక్షలో 33 మంది మాత్రమే యుత్తీర్ణులగుచుండగా, విలువిద్యయందు, అశ్వారోహణమునందు నేర్పుగలవారికి సైనికపరీక్షయు, చీనా, మంగోల్, జపాను, జుర్చెన్ భాషల దుబాసీలకును, వైద్యులకును, జ్యోతిశ్శాస్త్రజ్ఞులకును, న్యాయశాస్త్రజ్ఞులకును 'జప్‌గ్వా' అను వేఱు పరీక్షలును ఉండెను. కన్ఫ్యూషియసు గ్రంథములను వల్లించు కొలబద్దతో నాడి పట్టువానిని కొలువరాదని ఆ రాజ్యము గ్రహించెను. ఈ ప్రక్కవాకిలి దొడ్డిదారి కాదు. ఏలయన, అచ్చట విద్య వేఱయ్యెనే గాని పరీక్ష లేకపోలేదు. విచారమేమనగా, ఆ వాకిట వచ్చినవారిని కులీనులు తమకు సాటిగ నెన్నడు నెంచలేదు. నేడు కీర్తియంతయు ప్రక్కవాకిటనే యుండుట చరిత్ర చేసిన పరిహాసము.

కాలక్రమమున సింహద్వారమునకే చెద పట్టినది. ఒకరికి మాఱుగా నొకరు వ్రాయుట, పలుకుబడిని బట్టి ఫలము నిర్ణయించుట పరిపాటియై, తుదకు 1894లో గాబో సంస్కరణలతో గ్వాగో యంతరించెను. సంస్థ పోయినను సంస్కారము పోలేదు. 1993లో ప్రారంభమైన 'సునుంగ్' అను దేశవ్యాప్త ప్రవేశపరీక్ష ప్రతి నవంబరులో జరుగునపుడు, ఆంగ్లశ్రవణ పరీక్ష సాగినంతసేపు విమానములు నేలకు దిగవు, నేలనుండి లేవవు. ఆకాశముచేతనే మౌనము పట్టించిన పరీక్షను తప్పించుకొని యొకరు లోనికి వచ్చినపుడు, తక్కినవారి మనస్సు చివుక్కుమనుట సహజము.

అయినను విశ్వవిద్యాలయముల వాదమును పూర్తిగా త్రోసివేయరాదు. పదునైదేండ్లకే రంగస్థలమెక్కినవాని నైపుణ్యము మార్కులకందదు. సంగీత, నాట్య, నటనాశాఖలలో నట్టివారిని వారి విద్యయందే పరీక్షించి చేర్చుకొనుట జప్‌గ్వా సంతతియే. కాని కీర్తియే పరీక్షగా, పాటకు సంబంధములేని శాఖలో స్థానమిచ్చి, తరగతులకు రాకున్నను పట్టమిచ్చినచో, విద్యాలయము ఆ ముఖమును ప్రకటనకై కొన్నదనవలెను. ఈ సంకటమెఱిగియే కాబోలు, గాయని ఐయూ, నటుడు యూ సుంగ్-హో విశ్వవిద్యాలయము జోలికి పోక తమ వృత్తియందే నిలిచిరి.

దొడ్డిదారి యెంతదూరము పోవునో 2016లో లోకమునకు తెలిసినది. 1886లో బాలికావిద్యకై పుట్టిన ఈహ్వా విద్యాలయమున, దేశాధ్యక్షురాలి యాంతరంగికురాలి కుమార్తెయగు చుంగ్ యూ-రా గుఱ్ఱపుస్వారీ క్రీడాకారిణిగ స్థానము పొందియుండెను. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో ఆమె జట్టు గెలిచిన స్వర్ణపతకము నిజమైనదే. క్రీడాకారులను చేర్చుకొను పద్ధతియు నియమావళిలో నున్నదే. అయితే దరఖాస్తుల గడువు ముగిసిన పిమ్మట వచ్చిన పతకమును లెక్కకు దెచ్చుటయు, తరగతులకు రాకున్నను మార్కులు వేయుటయు బయల్పడగా, అంతకుముందే వేఱొక విషయమై నిరసన సాగించుచుండిన విద్యార్థినుల యాగ్రహము మిన్నుముట్టెను. అక్టోబరులో విద్యాలయాధ్యక్షురాలు చోయ్ క్యుంగ్-హీ రాజీనామా చేసెను. డిసెంబరులో ఆ ప్రవేశము రద్దయ్యెను. మఱుసటి మార్చిలో దేశాధ్యక్షురాలు పార్క్ గున్-హే పదవీచ్యుతురాలయ్యెను. ఆ పతనమునకు ఈ యొక్కటే హేతువు కాదు. కాని రాజ్యాంగసూక్ష్మము లెఱుగని తల్లిదండ్రులకు సైతము ఈ యొక్కటి చక్కగా నర్థమైనది.

కనుక వాకిళ్లు పలువున్నవను నాక్షేపణ నిలువదు. ఒక వాకిట పరీక్షకుడు లేడన్నదే నిలుచు నాక్షేపణ. వైద్యవృత్తి కోరి వచ్చినవానిని వైద్యమందే ప్రశ్నించిన చోసన్ పరీక్షకుడు నేటి విశ్వవిద్యాలయపు ప్రక్కవాకిట కూర్చున్నచో, తారను చూచి ఛాయాచిత్రము కోరడు. ముందు పాడుమనును, పాట నచ్చినచో, రేపటి యుదయము తరగతికి వేళకు రమ్మనును.