మహాగృహములు: వాని నిర్మాణ హేతువులు

పూర్వకాలపు ధనికులు గంపెడు సంసారమునకైనను మిక్కిలియగు మేడలనేల కట్టించిరని నేటి యువకులు ప్రశ్నించుచుందురు. ఆడంబరమొక్కటియే కారణమని పలువురు తీర్పు చెప్పుదురు. ఆడంబరము లేదని మేమనజాలము. కాని విచారణ నంతటితో ముగించినచో ఆ యిండ్లు కట్టినవారి బుద్ధిని గాని, అవి పాడువడుటకు గల హేతువును గాని గ్రహింపజాలము. వర్తకమున ప్రసిద్ధులైన నాట్టుకోట్టై చెట్టియారుల చరిత్ర మిందులకు చక్కని నిదర్శనము.

తమిళదేశమున కారైకుడి ప్రాంతమగు చెట్టినాడు వానలు తక్కువగల మెట్టసీమ. 19వ శతాబ్ది మధ్యము మొదలు 20వ శతాబ్ది తొలి దశాబ్దముల వఱకు వారచ్చట వేలకొలది సౌధములను నిర్మించిరి. తలవాకిలి యొక వీధిలోను, పెరటివాకిలి మఱియొక వీధిలోను ఉండునంతటి పొడవు గలవి పెక్కులు. బర్మా టేకు స్తంభములు, ఇటలీ చలువరాళ్లు, ఆత్తంగుడి పలకలు, గ్రుడ్ల తెల్లసొన కలిపి మెఱుగు పెట్టిన సున్నపు గోడలు వాని సొంపు. బర్మా, సింహళము, మలయా దేశములలోని వడ్డీవ్యాపారము వాని కాధారము.

ఇంత యిల్లెందులకు? నడిమి ముంగిలి చుట్టునుగల గదులలో పెండ్లియైన ప్రతి కుమారునకు నొకటి చెందును. వంటలు వేఱు, వ్యయము వేఱు, కప్పు మాత్రమొక్కటియే. పురుషులు మూడేసి సంవత్సరముల గడువుపై సముద్రము దాటి పోవుచుండగా, స్త్రీలు, వృద్ధులు, బిడ్డలు ఒక్కచోట నిశ్చింతగా నుండవలెను. వివాహములును, షష్టిపూర్తులును పిత్రార్జిత గృహముననే జరుగవలెను. లోనికి వాలిన కప్పులు వాననీటిని ముంగిలికి చేర్చును. మన కృష్ణా గోదావరీ మండలముల మండువా లోగిళ్లయందును ఈ యుపాయమే కానవచ్చును. ఇక మాటపై లక్షలు చేతులు మారు వృత్తిలో ఇంటి దిట్టతనము యజమాని పరపతికి సాక్షియని మా యభిప్రాయము.

1930 ప్రాంతపు ఆర్థికమాంద్యమున వరి ధర పడిపోయెను. అప్పులు తీర్చలేని రైతుల భూములు ఋణదాతల వశమయ్యెను. 1937 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమగు వరి జిల్లాలలో సాగుభూమి యందు ఇంచుమించు నాల్గవ వంతు చెట్టియారులదే. 1942లో జపాను దండయాత్రయు, 1948లో బర్మా భూజాతీయకరణ శాసనమును ఆ సంపదను హరించినవి. రాబడి పోయెను, ఇల్లు మిగిలెను. వారసులు పదులకొలది యైరి. అందఱ సమ్మతి లేనిదే అమ్మరాదు. మరమ్మతు భారమును వహించువాడు లేడు. కొన్నిటి ద్వారబంధములును స్తంభములును కారైకుడి అంగళ్లలో విక్రయింపబడినవి. కొన్ని వసతిగృహములై నిలిచినవి.

ఆ వంశములవారే ధనమును వేఱొక దారికి మరల్చినప్పుడు ఫలము వేఱుగా నున్నది. అణ్ణామలై చెట్టియారు పూనికచే చిదంబరమున విశ్వవిద్యాలయము 1929లో వెలసెను. అళగప్ప చెట్టియారు కారైకుడిలో విద్యుద్రసాయన పరిశోధనాలయమునకై 300 ఎకరముల భూమియు, 15 లక్షల రూపాయలును దానమొసగెను. 1948లో శంకుస్థాపన జరిగిన ఆ సంస్థ నేటికిని పనిచేయుచున్నది.

కావున సోదరులారా, పెద్దల లోగిళ్లను పరిహసింపకుడు. అవి తమకాలమున కుటుంబమునకు కోటలు. అయినను పాలివారి తగవులకు వానిని బలిచేయకుడు. పెద్దలు జీవించియుండగనే వారసులు కూడి నిర్వహణకు వ్రాతపూర్వకమగు ఏర్పాటు గావింతురు గాక. దానినిలుపు స్తోమతు లేనిచో, ఆ గదులలో మన పేదవిద్యార్థులకు తావొసగుట యుక్తమని పోషకులకు సవినయముగా మనవి చేయుచున్నాము. జనులు వసించుటకై కట్టిన యింట జనులుండుటయే పూర్వులకు నిజమైన గౌరవము.