కౌన్సెలర్ ముందుగా గ్రూపులో కూర్చోవాలి

గ్రూప్ థెరపీ పుట్టింది ఆసుపత్రిలో. 1905లో బోస్టన్ వైద్యుడు జోసెఫ్ ప్రాట్ పేద క్షయరోగులను వారానికోసారి ఒకచోట చేర్చి జాగ్రత్తలు చెప్పేవాడు. తోటి రోగుల తోడు వాళ్లకు ఎంత ధైర్యమిస్తోందో ఆయనకు క్రమంగా తెలిసింది. గ్రూపు నడపడానికి వేరే శిక్షణ కావాలన్న ఆలోచన మాత్రం అప్పటికి లేదు.

ఆ అవసరం రెండో ప్రపంచయుద్ధంతో వచ్చింది. 1946–47లో షికాగో విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ సెంటర్‌లో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ బృందం, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం కౌన్సెలర్లను తయారుచేయాల్సి వచ్చింది. పుస్తకాలు చదివిస్తే సరిపోదని వాళ్లకు అనిపించింది. శిక్షణకు వచ్చినవారినే రోజూ కొన్ని గంటలు గ్రూపుగా కూర్చోబెట్టి, తమ గురించి తాము మాట్లాడుకోమన్నారు.

అదే 1946 వేసవిలో అమెరికాలోని న్యూ బ్రిటన్‌లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ ఒక కార్యశాల నడిపాడు. పగలు గ్రూపుల్లో ఏం జరిగిందో పరిశోధకులు సాయంత్రం చర్చించుకునేవారు. ఒకరోజు శిక్షణార్థులు కొందరు తామూ వింటామన్నారు. తన ప్రవర్తన గురించి పరిశోధకుడు చెప్పింది నిజం కాదని ఒకామె అడ్డుచెప్పింది. వాదన రేగింది. లెవిన్ ఆమెను వారించలేదు సరికదా, ఎంతో ఆసక్తితో విన్నాడు. తర్వాతి సాయంత్రాల్లో మిగతావాళ్లూ వచ్చి కూర్చున్నారు. 1947లో అమెరికాలోనే బెతెల్ పట్టణంలో మొదలైన టీ-గ్రూపులకు (శిక్షణ గ్రూపులకు) మూలం ఈ సంఘటనే. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఘట్టమిది.

1960లలో ఈ పద్ధతి, మనసు విప్పి ముఖాముఖి మాట్లాడుకునే ఎన్‌కౌంటర్ గ్రూపుల రూపంలో అమెరికా క్యాంపస్‌లను ముంచెత్తింది. లీబర్‌మన్, యాలోమ్, మైల్స్ అనే పరిశోధకులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ గ్రూపుల్లో చేరిన 200 మందికి పైగా విద్యార్థులను పరిశీలించి 1973లో ఫలితాలు ప్రచురించారు. 16 మందికి మానసికంగా గట్టి దెబ్బే తగిలింది. నాయకులేమో అనుభవం లేనివారు కారు, పేరున్నవారే. దూకుడుగా నిలదీసి, తమ ఆకర్షణతో గ్రూపును శాసించినవారి దగ్గరే హాని ఎక్కువ. ఆప్యాయత చూపుతూ, జరిగినదాని అర్థం విడమరిచినవారి దగ్గర మేలు ఎక్కువ. కొత్త కౌన్సెలర్‌కు మొదట నేర్పాల్సింది ఇదే: ఆత్మవిశ్వాసాన్ని నైపుణ్యమని పొరబడకూడదు.

శిక్షణ తర్వాత ఒక రూపానికి వచ్చింది: అనుభవజ్ఞుల గ్రూపును గమనించడం, సీనియర్‌తో జంటగా నడపడం, పర్యవేక్షణ, తానూ సభ్యుడిగా కూర్చోవడం. అమెరికాలో కౌన్సెలింగ్ కోర్సుల గుర్తింపు ప్రమాణాలు ఈ చివరిదానికి కనీసం 10 గంటలు కేటాయించాలంటాయి. ఇందులో ఒక చిక్కుంది. మార్కులు వేసే అధ్యాపకుడి ముందు ఏ విద్యార్థి మనసు విప్పుతాడు? ఆ గ్రూపును మూల్యాంకనంతో సంబంధం లేనివారు నడపడమే న్యాయం.

ఇప్పుడు ఈ శిక్షణ అవసరం మన దగ్గరా వచ్చింది. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలంది. ఒక్కరే ఉన్న కళాశాలలో జంటగా నడిపే సీనియర్ ఎక్కడ దొరుకుతారు? విశ్వవిద్యాలయాల మనస్తత్వశాస్త్ర శాఖలు చుట్టుపక్కల కళాశాలల కౌన్సెలర్లను పిలిచి, ముందుగా వాళ్లతోనే ఒక గ్రూపు నడపాలి.