ఇప్పపువ్వుకు దక్కని తీరిక

ఓక్ వాసన లేతగా తగిలే షార్డొనే వైన్ తీరిక బిడ్డ. తెల్లద్రాక్ష రసాన్ని పులియబెట్టి కొంత ఉక్కు తొట్టెల్లో, కొంత ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. బర్గండీ పీపాలో 228 లీటర్లు పడతాయి. కొయ్యలోంచి వనిల్లా వాసన దిగుతుంది. పుల్లటి మాలిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లంగా మారి వెన్నలాంటి నునుపు వస్తుంది. పీపా జోలికి ఎవరూ రారన్న ధీమా ఉన్నచోటే ఇంత ఓపిక సాగుతుంది. రాయ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల నుంచి బస్తర్ అడవుల దాకా కాచే ఇప్పసారాకు చరిత్ర ఆ ధీమా ఇవ్వలేదు.

ఇప్పపువ్వు తీపికి లోటు లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతుంది. పొద్దెక్కక ముందే ఇంటిల్లిపాదీ గంపలతో చెట్టు కిందికి చేరతారు. ఎండబెట్టిన పువ్వు ఏడాది పొడుగునా తిండికి, సంతకు, వేల్పులకు పెట్టడానికి అక్కరకొస్తుంది. సారాకైతే నీళ్లలో నానేసి, కొన్నాళ్లు పులవనిచ్చి, కట్టెలపొయ్యి మీద కాస్తారు. ఆవిరి చల్లబడి చుక్కలై దిగుతుంది. ఇది నిన్నమొన్నటి విద్య కాదు. చరకసంహిత పూల ఆసవాల్లో మధూకాన్నీ, అంటే ఇప్పనూ, లెక్కపెట్టింది.

తెల్లదొరల కాలంలో ఆ పువ్వు ఎక్సైజు పద్దుకెక్కింది. ఖజానాకు గండి పడుతుందని 1892లో బొంబాయి సర్కారు మౌరా (ఇప్ప) చట్టం తెచ్చింది. కొన్ని జిల్లాల్లో సారా సంగతి అటుంచి, పువ్వు ఏరినా దాచినా లెక్క చెప్పాల్సొచ్చింది. మన గోదావరి మన్యంలో అంతకుముందే, 1879లో, కల్లు మీద చిగురుపన్ను రంప పితూరీకి నిప్పు రాజేసింది. బస్తర్‌లో 1910లో గుండాధుర్ ముందు నడిచిన భూమ్‌కాల్ తిరుగుబాటుకు అడవుల స్వాధీనంతోపాటు సారా గుత్తాధిపత్యం కూడా ఒక కారణం. ఐదేళ్లకే సెంట్రల్ ప్రావిన్సెస్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. రాయ్‌పూర్ అప్పుడా రాష్ట్రంలోదే. నేటి ఛత్తీస్‌గఢ్ ఎక్సైజ్ చట్టం పేరు పక్కన ఇప్పటికీ కనిపించే అంకె 1915.

ఫ్రాన్సులో చట్టం మరో దారి పట్టింది. 1935లో ఊరి పేరుకే రక్షణ కల్పించి, ఆ నేల ద్రాక్షకు పరువు కట్టబెట్టింది. 1976లో పారిస్ పోటీలో కాలిఫోర్నియా షార్డొనే గెలిచినప్పుడు లోకమంతా ఆ గుటకల లెక్క చెప్పుకుంది. అదే కాలంలో ఇక్కడి ఇప్పసారా పోలీసు కేసుల్లోని నాటుసారాగానే మిగిలింది.

సారా కూల్చిన సంసారాలు మనకు కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది అందుకే. అయితే వాళ్ల పోరు కాంట్రాక్టరు ఊరూరా పోసిన సారా మీద. పండక్కి, పెళ్లికి, చావుకు కాచుకునే కుండ దారి వేరు. ఆ తేడాను 1996 నాటి పీసా చట్టం కొంత గుర్తించింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పానీయాల అమ్మకాన్ని కట్టడి చేసే అధికారం గ్రామసభకూ ఇచ్చింది.

2000లో రాయ్‌పూర్ రాజధానిగా ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడింది. 2017లో మద్యం దుకాణాలు సర్కారు సంస్థ చేతికొచ్చాయి. మరుసటి ఏడాది, చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ ఉన్న డెస్మండ్ నజరత్ ఇప్పసారాను సీసాకెక్కించి నగరాల బార్లకు పంపారు. పువ్వు పాతదే, పరువు కొత్తది.

షార్డొనే పుట్టుక కూడా ఏమంత గొప్పింటిది కాదు. 1999లో వెలువడిన డీఎన్‌ఏ పరిశోధన దాని తల్లిదండ్రుల్లో ఒకటి పేరున్న పినో అని, రెండోది గువే బ్లాంక్ అని తేల్చింది. పేద రైతుల నాసిరకం ద్రాక్షగా జనం ఈసడించిన జాతి అది. బిడ్డకు చోటూ కాలమూ దొరికాయి కాబట్టి కన్నవాళ్ల కులం ఎవరూ అడగలేదు. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన కుటుంబం సొంతానికి ఉంచుకోగల ఇప్పసారా 5 లీటర్లు. బర్గండీ పీపాలో పోస్తే అడుగు తడవడానికే సరిపోతుంది.