రద్దయిన విమానం, రాబట్టిన హక్కు

విమానం ఆలస్యమై ప్రయాణికుడు నష్టపోతే సంస్థే భరించాలని 1929లో వార్సాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం చెప్పింది. అసలు విమానమే బయల్దేరకపోతే ఏం చేయాలో మాత్రం అందులో లేదు.

అమెరికాలో మొదటి కుదుపు వేరే దారిన వచ్చింది. 1972 ఏప్రిల్‌లో హార్ట్‌ఫర్డ్ వెళ్లడానికి వాషింగ్టన్ విమానాశ్రయానికి వచ్చిన వినియోగదారుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్‌ను, టికెట్ ఖరారై ఉన్నా, అలెఘెనీ ఎయిర్‌లైన్స్ ఎక్కించుకోలేదు. ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మేసింది మరి. ఆయన కోర్టుకెక్కారు. ఆ దావా నడవాల్సిందేనని 1976లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

రద్దుకు గట్టిగా ధర కట్టింది యూరప్. 2005 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన 261వ నిబంధన ప్రకారం, రెండు వారాల ముందు చెప్పకుండా రద్దు చేస్తే దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు ఇవ్వాలి. అసాధారణ పరిస్థితులైతే మినహాయింపు. ఆ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందో తేల్చిన కేసు వియన్నాది. 2005 జూన్ 28 ఉదయం 6.45కి రోమ్ మీదుగా బ్రిండిసి వెళ్లాల్సిన కుటుంబానికి, ఇంకో ఐదు నిమిషాలుందనగా విమానం రద్దయిందని చెప్పారు. ఇంజిన్ టర్బైన్‌లో లోపమట. వేరే విమానంలో రోమ్‌లో దిగేసరికి బ్రిండిసి విమానం వెళ్లిపోయి ఇరవై నిమిషాలైంది. 250 యూరోల పరిహారం ఇవ్వనంది విమాన సంస్థ అలిటాలియా. యంత్రాలు మొరాయించడం విమాన సంస్థ రోజువారీ వ్యవహారమేనని, మామూలుగా అది సాకుగా చెల్లదని 2008లో యూరప్ న్యాయస్థానం తీర్పిచ్చింది.

మన దగ్గర ఇలాంటి పరిహారంపై పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు 2010 ఆగస్టులో వచ్చాయి. వాటికి ముందే హైదరాబాద్ ప్రయాణికుడొకరు పోరాటం మొదలుపెట్టారు. 2007 డిసెంబరు 14న ఢిల్లీ పొగమంచులో చిక్కుకున్న ఇండిగో విమానంలో గంటల తరబడి కూర్చున్న ఆయనకు, హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్ పదివేలు ఇప్పించింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పొగమంచు సంస్థ చేతిలో లేదంది. అయితే టికెట్ చవకైనా సరే, ఆగిపోయిన ప్రయాణికుల కనీస అవసరాలు చూడాల్సిందేనని అదే తీర్పు చెప్పింది. ఓడిపోయిన కేసులోంచి దక్కిన ఈ మాట విలువైనది.

2016లో డీజీసీఏ నిబంధనల్లో రద్దు పరిహారం పెరిగింది. ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500, 10,000 రూపాయలు, లేదా బేసిక్ ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. ఏది తక్కువైతే అది. ఈ తక్కువ లెక్క అన్యాయం. చవక టికెట్ కొన్నవారికీ పోయిన రోజు పోయినట్టే కదా. పైగా బుకింగ్‌లో సరైన ఫోన్ నంబరు, ఈమెయిల్ లేకపోతే ఆ పరిహారమూ రాదు. ఏజెంటుతో టికెట్ తీయించుకునేవారు అక్కడ తమ నంబరే ఉందో, ఏజెంటుదే ఉందో ముందే చూసుకోవాలి.