ఎర్రజెండా నుంచి ఎర్ర త్రికోణం దాకా

2021 జనవరిలో సూరత్ నగరంలో 40.35 కిలోమీటర్ల మెట్రో నిర్మాణానికి భూమిపూజ జరిగింది. ఇలా నడిరోడ్డుపై పని సాగేచోట, ఎర్ర అంచు త్రికోణంలో పార పట్టిన మనిషి బొమ్మను మీరు చూసే ఉంటారు. వాహనం రాకముందే హెచ్చరించడం పాత ఆలోచనే. 1865లో బ్రిటన్ చట్టం ఆవిరి బండి ముందు ఎర్రజెండాతో ఒక మనిషి నడవాలని శాసించింది.

మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, నెల మించని వేగ పరిమితికి గెజిట్ ప్రకటన అక్కరలేదు. అంటే బోర్డు నాలుగు రోజులదైనా దానికి చట్టం బలం ఉంటుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనులో సుమారు 17 మీటర్లు దాటుతుంది. వేగాన్ని 30కి తగ్గిస్తే దాని గతిజశక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. బోర్డు వెనుక వంగి పనిచేసే కూలీకి ఆ తేడాయే ప్రాణం.