దర్శి వైపు మోకాళ్లు

మా దర్శి, పొదిలి వైపు కీళ్ల జబ్బు ముందు ఎద్దులకే వచ్చింది. కాలు కదపలేక కుంటుతుంటే రైతులే పసిగట్టారు. తర్వాత మనుషులూ బిగుసుకుపోయారు. అప్పట్లో ఇది నెల్లూరు జిల్లా. బావి నీళ్లలోని ఫ్లోరైడే కారణమని షార్ట్, తోటి వైద్యులు 1937లో రాశారు.

మా అత్తగారి మోకాళ్ల నొప్పికి కారణం మాత్రం ఫ్లోరైడు కాదు, అరుగుదల. ఏళ్లతరబడి మిరప కల్లంలో గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరిన మనిషి. గుంటూరులో ఫిజియోథెరపీ వాళ్లు ఆమెను అదిరే పలక మీద మోకాళ్లు కాస్త వంచి నిలబెట్టారు. అదురుకు తొడ కండరం దానంతటదే బిగుస్తుంది. అది గట్టిపడితే కీలు భారాన్ని పంచుకుంటుంది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం కూడా చేయించారు. నాకైతే దాని మీదే ఎక్కువ నమ్మకం. ఈ అదురు వైద్యం కొత్తదేమీ కాదు: పారిస్‌లో షార్కో అనే వైద్యుడు 1892 నాటికే వణుకుడు రోగులను అదిరే కుర్చీలో కూర్చోబెట్టాడు.

"పిండిమర పక్కన నిలబడితే ఇంత అదురూ ఉచితమేగా?" అంటారు అత్తగారు.